రాణి వేషం, దొడ్డమ్మ గొంతు

మొన్నామధ్య మోకాలి నొప్పి మందుకని రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండు వైపు వెళ్తుంటే, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ ఒకటి గాలికి టపటపా కొట్టుకుంటూ కనిపించింది. పద్యనాటకం ఫ్లెక్సీ. ఈ రోజుల్లో పద్యనాటకానికి కూడా ఫ్లెక్సీలు వేసేవాళ్ళున్నారా అని ఆశ్చర్యపోయి, వెనక ఆటో అతను హారన్ కొడుతున్నా పట్టించుకోకుండా కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఫ్లెక్సీ నిండా ఒక అమ్మాయి ముఖం, నెత్తిన కిరీటం, కింద ఫలానా సీరియల్ ఫేమ్ అని పెద్ద పెద్ద అక్షరాలు. ఆ అమ్మాయి భుజాల దగ్గర్నుంచి కిందికి, పోస్టల్ స్టాంపులంత బొమ్మల్లో అసలు నటీనటులు, ముప్ఫై నలభై ఏళ్ళుగా పద్యం పాడుతున్న ముఖాలు. కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను, తెలిసిన మనిషి ఒక్కరైనా ఉంటారేమోనని. ఎవరూ లేరు.

ఆ పెద్ద ముఖం ఉన్న చోట ఒక ఏడాది నా ముఖం ఉండేది. అప్పటికి ఫ్లెక్సీలు రాలేదు, వాల్‌పోస్టర్లే. కేబుల్ టీవీ ఇంటింటికీ వచ్చి, రోజువారీ సీరియళ్ళు మొదలై, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వీధులు ఖాళీ అయిపోయే రోజులవి. నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అత్తగారు కాఫీలో ఏదో కలిపితే కోడలు తెలిసి కూడా తాగేస్తుందే, అలాంటి సీరియల్ ఒకదానిలో ఆ తాగే కోడల్ని నేనే. ఇప్పుడు నన్ను మీరు గుర్తుపట్టాలని ఈ మాట చెప్పడం లేదు, గుర్తుపట్టరనే ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను.

మాది నరసాపురం. అమ్మ లేసు అల్లేది. నా ఎనిమిదో ఏట అమ్మ పోతే, అంతకుముందే నాన్న లేడు కాబట్టి, రేవుకి దగ్గరలో ఉండే దొడ్డమ్మ నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. దొడ్డమ్మ మా అమ్మకి అక్క, పిల్లల్లేరు, పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోయాడు. నాటకాల్లో వేషాలు కట్టి బతికేది. పగటిపూట చూస్తే ఎవరూ నమ్మరు. ముతక నేత చీర, నుదుట ఇంతలేసి బొట్టు, చేపల బుట్ట దగ్గర కూర్చుని గొరకల కోసం అరగంట బేరమాడే మనిషి. అదే మనిషి సాయంత్రం ముఖానికి పచ్చటి అర్దళం పొడి పూసుకుని, సవరం పెట్టి జడ వేసుకుని స్టేజీ ఎక్కితే, ఊళ్ళో పెద్ద రైతులు కూడా కుర్చీల్లో సర్దుకుని కూర్చునేవారు.

ఆవిడకి పేరు తెచ్చింది ఒకే ఒక్క వేషం. మా ఊళ్ళోనే ఒక బడిపంతులు గారు రాసిన నాటకంలో రాణి వేషం. రాజు పడవెక్కి యుద్ధానికి వెళ్ళి తిరిగి రాడు. పోయాడని మంత్రులంతా చెబుతారు, బొట్టు చెరుపుకోమంటారు. రాణి ఒప్పుకోదు. రోజూ సాయంత్రం ఏటి ఒడ్డుకు వెళ్ళి వచ్చే పడవనల్లా అడుగుతుంది. మూడో అంకంలో ఆ ఒడ్డున కూర్చుని ఒక సీసపద్యం పాడుతుంది, దాని కింద తేటగీతి. మేమంతా దాన్ని ఏటి ఒడ్డు పద్యం అనేవాళ్ళం. ఆ పద్యం చివర దొడ్డమ్మ రాగం తీస్తుంటే జనంలో పసిపిల్లలు కూడా ఏడుపు మానేవారు. అవగానే వన్స్ మోర్ అని కేకలు. అప్పటిదాకా కుమిలి కుమిలి ఏడ్చిన రాణిగారు లేచి, పక్కకి వెళ్ళి రెండు గుక్కలు నీళ్ళు తాగి వచ్చి, మళ్ళీ మొదటినుంచి ఏడుపు మొదలుపెట్టేది. జనం ఊరుకోక మూడేసి సార్లు పాడించిన ఊళ్ళు కూడా ఉన్నాయి. చిన్నప్పుడు నాకదే నాటకంలో అన్నిటికంటే గొప్ప సంగతిగా ఉండేది, ఒకే దుఃఖాన్ని మనిషి ఎన్నిసార్లయినా కొత్తగా పడవచ్చన్నది.

ఆ పద్యం నాకు నేర్పిన పద్ధతి కూడా చెప్పాలి. రేవులో మెట్టు మీద నన్ను నిలబెట్టి, తను గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్ళే పంటు పడవ ఎక్కేది. పంటు కదలగానే నేను పాడటం మొదలుపెట్టాలి. నా మాటలు తనకి వినిపిస్తున్నంతసేపూ చెయ్యి పైకెత్తి ఉంచేది, మాట చెదిరిపోగానే దించేసేది. అవతలి ఒడ్డు దాకా వెళ్ళి తిరిగి వచ్చాక, ఏ పాదంలో ఏ మాట గోదాట్లో కలిసిపోయిందో చెప్పేది. పంటులో జనం నవ్వుకునేవారు, నాకేమో తల కొట్టేసినట్టుండేది. కానీ పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆ చెయ్యి నది మధ్య దాటాక కూడా దిగేది కాదు. నాలుగిళ్ళ అవతల కూర్చున్నా నేను మాట్లాడితే వినపడుతుందని ఇప్పటికీ మా చుట్టాలు ఎగతాళి చేస్తారు.

ఆ గొంతే నాకు హైదరాబాదులో అడ్డం పడింది. చెలికత్తె వేషాలు, చిన్నరాణి వేషాలు కడుతూ ఇరవై రెండేళ్ళు వచ్చాక, ఏదో నాటకపోటీల్లో నన్ను చూసిన ఒకాయన టీవీకి పిలిచారు. ముఖం కెమెరాకి బాగా సరిపోయిందన్నారు. మొదటి రోజు నేను నోరు తెరవగానే డైరెక్టరు గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, అది నాటకం గొంతమ్మా, డ్రాయింగ్ రూములో పనికిరాదు, నువ్వు పెదాలు కదిపితే చాలు అన్నారు. అలా నా మాటలన్నీ వేరే అమ్మాయి చెప్పేది. సన్నగా, తియ్యగా, ఎప్పుడూ కాస్త ఏడ్చి వచ్చినట్టుండే గొంతు. ఆ అమ్మాయిని నేను ఎన్నడూ చూడలేదు. కెమెరా పక్కన అసిస్టెంటు డైలాగు చదువుతుంటే నేను పెదాలు కదపాలి, తర్వాత నా పెదాల వేగానికి తగ్గట్టు ఆవిడ మాట్లాడాలి. నాలుగేళ్ళలో అది ఎంత అలవాటైందంటే, పక్క గదిలో ఎవరు డైలాగు చదువుతున్నా నాకు తెలియకుండానే నా పెదాలు ఆడేవి.

దొడ్డమ్మ సీరియల్ చూసేదనే అనుకుంటాను, ఎప్పుడూ చెప్పేది కాదు. ఒకసారి ఎస్టీడీ బూతు నుంచి నేనే అడిగాను, ఎలా ఉందని. "మొహం నీదేనే అమ్మలూ, మరి మాటెవరిదే?" అంది. ఆదివారం పూట సగం రేటు కాబట్టి నేను కావలసినంత సేపు మాట్లాడవచ్చు, కానీ అప్పుడే ఫోన్ పెట్టేసి బూతులోంచి బయటికి వచ్చేశాను.

అలాంటి రోజుల్లో మా నాటక సమాజం కంట్రాక్టరు గారు హైదరాబాదు వచ్చారు. ఊరూరా నాటకాలు కుదిర్చి, నటుల్ని తీసుకెళ్ళి, తీసుకొచ్చే పెద్దమనిషి. షూటింగ్ దగ్గరికే వచ్చి, ఒక సంచీడు ఎండురొయ్యలు నా చేతిలో పెట్టారు. మేకప్ గది అంతా ఆ వాసన నిండిపోయి నలుగురూ ముక్కు మూసుకుంటుంటే, నాకు ప్రాణం లేచివచ్చింది. జాతరల కమిటీల వాళ్ళు ఇప్పుడు టీవీలో కనిపించే మనిషి ఉంటేనే నాటకం అంటున్నారని, లేకపోతే రికార్డింగ్ డాన్సులు పెట్టుకుంటామంటున్నారని, నేను కాదంటే సమాజం మూసుకోవడమేనని చెప్పుకొచ్చారు. ఆ వేసవికి నేను రాణి వేషం కట్టాలి. దొడ్డమ్మ సంగతేమిటని అడిగాను. ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, "ఆయ్, ఆవిడతో అన్నీ మాట్లాడేసేనండి. సంతోషంగా ఒప్పుకున్నారండి," అన్నారు.

ఆ మాట అబద్ధమని నాకు అప్పుడే తెలుసు. ఇరవై ఏళ్ళుగా తన ప్రాణంలా మోసిన వేషాన్ని సంతోషంగా వదులుకునే మనిషి కాదు దొడ్డమ్మ. ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయేది. నేను చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో కూడా దాచుకోను. నాలుగేళ్ళుగా మూగదానిలా పెదాలు కదుపుతున్నాను, ఒక్కసారి వేలమంది ముందు నిలబడి నా గొంతుతో ఆ పద్యం పాడాలని ఉంది. ఫోన్ చేస్తే ఆవిడ వద్దంటుందేమోనని భయం. అందుకని కంట్రాక్టరు గారి మాట నమ్మినట్టు నాకు నేనే నటించుకున్నాను. దొడ్డమ్మకి సంగతి తెలిసింది రేవు గోడ మీద అంటించిన పోస్టరు చూసి. అందులో నా బొమ్మ ఉంది. ఆవిడ పేరు చెలికత్తె అన్నచోట ఉంది.

నరసాపురంలో ఒక్కరోజు రిహార్సల్ పెట్టుకున్నాం. దొడ్డమ్మ తిడుతుందని, కనీసం ముఖం తిప్పుకుంటుందని ఎదురుచూశాను. అదేమీ లేదు. అన్నం తిన్నావా అని అడిగింది, చిక్కిపోయావంది, వేళకి వచ్చి తన చెలికత్తె మాటలు తను చెప్పింది. అంతకంటే రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేది. పద్యం దగ్గరికి వచ్చేసరికి నాకు సిగ్గేసి, రేపు ఎలాగూ పాడతానుగా అని హార్మోనియం మావయ్యకి చెప్పి దాటేశాను. మావయ్య నాకు వరసకి మేనమామ, దొడ్డమ్మ పద్యాలకి మొదటినుంచీ హార్మోనియం ఆయనే. ఆయన హార్మోనియం పెట్టె మూసేశారు.

మొదటి నాటకం మొగల్తూరు దాటాక సముద్రం వైపు ఒక ఊళ్ళో, అమ్మవారి జాతరకి. పూర్వం రాత్రి పదింటికి మొదలుపెడితే కోడి కూసేదాకా ఆడేవాళ్ళం. ఆ ఏడాది సాయంత్రం అయిదింటికి మొదలుపెట్టి ఎనిమిదిలోపు ముగించాలని కమిటీ వాళ్ళ షరతు, ఎందుకంటే ఎనిమిదింటికి సీరియల్ వస్తుంది. నా సీరియలే. నన్ను ఇక్కడ చూసి, పరుగున ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ నన్నే చూడాలన్నమాట. ఈ సంగతికి మేమంతా నవ్వుకున్నాం, దొడ్డమ్మ కూడా నవ్వింది.

మా సమాజంలో ఒక పద్ధతి ఉండేది. ఒక వేషం ఒకరి నుంచి ఇంకొకరికి పోయేటప్పుడు, పాతవాళ్ళే కొత్తవాళ్ళకి ముఖాన రంగు వెయ్యాలి, సవరం పెట్టి జడ వెయ్యాలి. చచ్చిపోయినవాళ్ళ వేషమైతే తప్ప ఈ పద్ధతి తప్పకూడదు. దొడ్డమ్మ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, చిన్నప్పుడు బడికి పంపేముందు దువ్వినట్టే చిక్కు తీసి, తన సవరాన్ని నా జుట్టులో కలిపి అల్లింది. అద్దంలో ఆవిడ కళ్ళు కనిపిస్తాయేమోనని నేను తల దించుకునే ఉన్నాను. చెప్పడానికి అదే సమయం. దొడ్డమ్మా, నిన్నడక్కుండా ఒప్పేసుకున్నాను అన్న ఒక్క మాట నోటిదాకా వచ్చింది. ముఖం కదిలితే రంగు చెదురుతుంది, కదలకు అంది. కదల్లేదు.

తెర లేచింది. నేను స్టేజీ మీదికి రాగానే ఈలలు, చప్పట్లు, పిల్లల్ని భుజాల మీదికెత్తి చూపించే తండ్రులు. ఇన్నేళ్ళ నా బతుకులో అంత గొప్ప క్షణం మళ్ళీ రాలేదు. అంతా సద్దుమణిగే దాకా ఆగి, దొడ్డమ్మ నేర్పినట్టు చివరి వరస దాకా వినపడేలా మొదటి మాట పలికాను.

ఒక్కసారిగా ఆ జనమంతా నిశ్శబ్దమైపోయారు. అది మెచ్చుకున్న నిశ్శబ్దం కాదని నాకు వెంటనే తెలిసింది. తర్వాత చెవులు కొరుక్కోవడం మొదలైంది. ముందు వరసలో చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ గట్టిగానే అంది, "ఈవిడ ఆ అమ్మాయి కాదండీ బాబూ! గొంతు వినండి, ఎంత మోటుగా ఉందో!" వెనకనుంచి ఎవరో మగమనిషి అందుకున్నాడు. అచ్చం అలాగే ఉండే మనిషిని తెచ్చి మోసం చేశారన్నాడు. ఇంకో నిమిషంలో పందిరంతా ఒకటే కేకలు, "డూపు! డూపుని తెచ్చేరండీ!"

రోజూ తమ ఇళ్ళల్లో వినే గొంతు వాళ్ళకి తెలుసు. ఆ ముఖానికి ఆ గొంతే ఉండాలి. ఈ చిక్కు వస్తుందని మాలో ఏ ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే మా సమాజం వాళ్ళంతా నా గొంతు చిన్నప్పటినుంచి విన్నవాళ్ళే, వాళ్ళకి వింతగా తోచింది టీవీలో గొంతు. ఏదో ఒకటి చెయ్యాలని, సీరియల్లో నేను అత్తగారితో చెప్పే డైలాగు ఒకటి, జనం నోళ్ళలో బాగా నానినది, చెప్పాను. నా గొంతుతోనే కదా చెప్పగలను. అది మరీ నిప్పు మీద కిరసనాయిలు పోసినట్టయింది. పక్కన తెర దగ్గర కంట్రాక్టరు గారు నాకు వెయ్యాలని తెచ్చిన పూలదండ పట్టుకుని వెనక్కి వెనక్కి జరుగుతున్నారు. కమిటీ పెద్ద స్టేజీ మెట్ల దాకా వచ్చేశాడు.

అప్పుడు నా వెనక, అరడుగు దూరంలో, చెలికత్తెలా తల వంచుకుని పళ్ళెం పట్టుకుని నిలబడ్డ దొడ్డమ్మ పాడటం మొదలుపెట్టింది. మూడో అంకంలో రావలసిన పద్యం, మొదటి అంకం మొదటి నిమిషంలో. హార్మోనియం మావయ్య ఒక్క క్షణం తడబడి, వెంటనే ఆవిడ శ్రుతికి వచ్చేశారు. మైకు మా ఇద్దరికీ కలిపి ఒకటే, పైనుంచి వేలాడదీసింది. గొంతు వచ్చేది పందిరి నలుమూలలా కట్టిన లౌడుస్పీకర్ల నుంచి. ఎవరు పాడుతున్నారో స్టేజీ కేసి చూస్తే తప్ప తెలియదు, స్టేజీ కేసి చూసిన వాళ్ళంతా నన్నే చూస్తున్నారు.

నా పెదాలు కదిలాయి.

కావాలని చెయ్యలేదని ఒట్టు వేసి చెప్పగలను. పక్కన గొంతు వినపడితే పెదాలు కదపడం నాలుగేళ్ళ అలవాటు. సీసం సగమయ్యేసరికి నేనేం చేస్తున్నానో నాకే తెలిసింది. అప్పటికే కేకలన్నీ ఆగిపోయాయి. తేటగీతి అయ్యి, రాగం చివరకి వచ్చేసరికి ఇందాకటి చంటిపిల్ల తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ముందు వరసలో ఒక ముసలాయన లేచి, "జలుబు చేసుంటుందర్రా పాపం! మాట పట్టేసింది గానీ పద్యానికేం లోటు లేదు," అని అందరికీ సర్దిచెప్పాడు. ఆ మాటకి జనం చల్లబడ్డారు. ఎవరో వన్స్ మోర్ అన్నారు. తర్వాత అందరూ అన్నారు.

దొడ్డమ్మ మళ్ళీ పాడింది. ఈసారి నేను తెలిసే పెదాలు కదిపాను. ఎక్కడ ఊపిరి తీస్తుందో, ఎక్కడ సాగదీస్తుందో నాకు తెలుసు కాబట్టి ఒక్క మాట కూడా తప్పిపోలేదు. మొదటిసారిది అలవాటు, రెండోసారిది నా పిరికితనం. చప్పట్లన్నీ నాకే వచ్చాయి, పూలదండ నా మెడలోనే పడింది.

కంట్రాక్టరు గారికి ఇది దేవుడు చూపించిన దారిలా కనిపించింది. సీరియల్ వాళ్ళు నా భాగాలు ముందే తీసి పెట్టుకుని పంపారు కాబట్టి, ఆ వేసవి పదీ పన్నెండు ఊళ్ళు తిరిగాం. ప్రతి ఊళ్ళోనూ తెర లేచేముందు ఆయనే మైకులో, అమ్మాయిగారికి జలుబు చేసిందండి, మాటలో తేడా ఉంటుందండి, పెద్దలు మన్నించాలండి అని చెప్పేవారు. ఎండలు మండిపోయే రోజుల్లో రెండు నెలలపాటు వదలని జలుబు. పద్యాలన్నిటికీ దొడ్డమ్మే. ఇంకా చెప్పాలంటే, చెలికత్తెగా కూడా ఆవిడ స్టేజీ మీద అక్కర్లేదన్నారు. చీరలు పెట్టే రేకు పెట్టె మీద కూర్చోబెట్టి, పక్క తెర వెనక చేతికి మైకు ఇచ్చేవారు. ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఎంత మంచివాళ్ళంటే, నా జలుబు సంగతి విని ఇత్తడి గ్లాసుల్లో మిరియాల పాలు, శొంఠి కషాయం కాచి తెచ్చేవారు. పద్యాలు పాడి పాడి గొంతు రాసుకుపోయింది తెర వెనక పెట్టె మీద కూర్చున్న మనిషికి. ఎవరూ చూడనప్పుడు గ్లాసు తీసుకెళ్ళి దొడ్డమ్మకి ఇచ్చేదాన్ని. నా కేసి చూడకుండానే అందుకుని తాగేది. మా ఇద్దరి మధ్యా ఆ రెండు నెలల్లో జరిగిన మాటంతా ఆ గ్లాసే. ఒకే వ్యానులో తిరిగాం, ఒకే సత్రంలో పక్కపక్క చాపల మీద పడుకున్నాం. అంత ఒంటరితనం నాకు హైదరాబాదులో అద్దె గదిలో కూడా తెలియలేదు.

ఆఖరి నాటకం అయిన మర్నాడు, నా రైలుకి ఇంకా టైముందనగా, దొడ్డమ్మ ఇంటి వెనక అరుగు మీద కూర్చుని సవరానికి కొబ్బరినూనె రాసి దువ్వుతోంది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చుని, ఏడుస్తూనే చెప్పేశాను. నిన్నడక్కుండా వేషం తీసుకున్నాను, కంట్రాక్టరు గారిది అబద్ధమని తెలుసు, రెండోసారి తెలిసే పెదాలు కదిపాను, అయినా నువ్వు నన్ను కాపాడావు అన్నాను.

దువ్వెన ఆపి నన్ను చూసింది. ఆ వేసవిలో ఆవిడ నన్ను తిన్నగా చూడటం అదే మొదలు.

"నిన్ను కాపాడదామని పాడలేదే. అది నా పద్యం. నువ్వు పాడితే వినాలేమోనని పొద్దుటినుంచీ ఒళ్ళంతా కారం రాసుకున్నట్టే ఉంది నాకు. వాళ్ళలా అరిచేసరికి, సందు దొరికింది కదా అని నేనే లాగేసుకున్నాను. నువ్వు నోరు మూసుకునుంటే మనిద్దరం దొరికిపోయేవాళ్ళం."

ఆ మాటకి నాకు కోపం రాలేదు. రావాలి కదా అని వెతుక్కున్నాను కూడా. ఆ ఊళ్ళో, ఆ సాయంత్రం, ఆ కేకల మధ్య నేను ఇంకొక్క నిమిషం తట్టుకుని నిలబడి, నా గొంతుతో పద్యం ఎత్తుకుని ఉంటే జనం ఒప్పుకునేవారో లేదో నాకెప్పటికీ తెలియదు. ఆ నిమిషం ఆవిడ నాకివ్వలేదు. నేను ఆవిడకి ఒక్క ఫోన్ కాల్ ఇవ్వలేదు. ఎవరిది పెద్ద తప్పో తేల్చుకునే ఓపిక మాకు లేకపోయింది.

సవరం మూట కట్టి లోపల పెట్టి వచ్చి, ఏదీ, పాడు అంది. ఏమిటన్నాను. ఏమిటేమిటే, పద్యం, రైలుకి టైముందిగా అంది. హార్మోనియం లేదు, శ్రుతి లేదు, పెరట్లో మినప్పిండి వడియాలు ఎండుతున్నాయి. పాడాను. సీసం, తేటగీతి, చివర రాగం. కళ్ళు మూసుకుని విన్నది. ఎక్కడా ఆపలేదు, ఏ మాటా దిద్దలేదు. అయిపోయాక కళ్ళు తెరిచి, "బావుందే. నాలా లేదు," అంది. ఆవిడ నోటి నుంచి నాకు దొరికిన మెప్పు అదొక్కటే, అంతకంటే పెద్దది నాకు అక్కర్లేదు కూడా.

ఆ తర్వాత రెండేళ్ళకి దొడ్డమ్మ పోయింది. నేను మళ్ళీ రాణి వేషం కట్టలేదు. టీవీలో కోడలి నుంచి వదినగారు, వదినగారి నుంచి తల్లి, తల్లి నుంచి అత్తగారు దాకా వచ్చి, ఇప్పుడా కాఫీలో కలిపే వేషాలు కూడా రావడం మానేశాక రాజమండ్రిలో ఈ ఫ్లాటు తీసుకుని ఉంటున్నాను. అన్నేళ్ళలో నాకు నలుగురైదుగురు గొంతులిచ్చారు. నా గొంతు మాత్రం ఒక్క ఎపిసోడ్‌లోనూ లేదు.

ఈ మధ్య పద్యనాటకాల్లో కూడా పద్యాలు ముందే రికార్డు చేసి పెట్టుకుని, స్టేజీ మీద వేస్తున్నారని విన్నాను. టీవీ అమ్మాయి కిరీటం పెట్టుకుని నిలబడుతుంది, పద్యం దాని పాటికి అది వస్తుంది. జనం ఫోన్లెత్తి వీడియో తీసుకుంటారు, గొంతు ఎవరిదని ఒక్కరూ అడగరు. ఆ సముద్రం పక్క ఊరివాళ్ళని చాలా ఏళ్ళు కచ్చగా తలుచుకునేదాన్ని, నా పరువు తీశారని. ఇప్పుడు ఆలోచిస్తే, వాళ్ళు పొరబడితే పొరబడ్డారు గానీ, ఎంత అందమైన ముఖం ఎదుట పెట్టినా గొంతు తేడా వస్తే లేచి నిలదీసేంత పట్టింపు వాళ్ళకుంది. అలాంటి మనుషుల ముందు నిలబడి ఓడిపోవడం కూడా ఒక గౌరవమేనేమో, ఆ వయసులో నాకు తెలియలేదు.

సాయంత్రాలు ఏమీ తోచనప్పుడు తలుపులు వేసుకుని ఆ పద్యం పాడుకుంటాను. గొంతు ఇంకా బాగానే ఉంది. కిందటి వారం లిఫ్టులో పక్క ఫ్లాటు అమ్మాయి, బ్యాంకులో పనిచేస్తుంది, మంచి పిల్ల, నవ్వుతూ అడిగింది. "సాయంత్రం మీ టీవీలో ఎవరో పద్యం పాడతారు కదండీ, భలే ఉంటుందండి గొంతు. ఏ ఛానలండీ అది?" నేనేనమ్మా అందామని నోరు తెరిచాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూస్తోంది. ఏదో పాత సీరియలమ్మా, మళ్ళీ వేస్తున్నారు అన్నాను. తలుపు తీసుకుని లోపలికి వచ్చి చాలాసేపు చెప్పులు కూడా విప్పకుండా కూర్చున్నాను. దొడ్డమ్మ ఉంటే వెంటనే ఫోన్ చేసి చెప్పి, కడుపు నిండా తిట్లు తినేదాన్ని.